గర్భకోశములోని నడిమి గోడ

స్త్రీ గర్భకోశము తలక్రిందుగా పట్టిన బేరికాయ ఆకారములో ఉండును. గర్భము లేనప్పుడు దాని పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు మాత్రమే. దళసరి కండతో ఏర్పడిన గోడల నడుమ ఉన్నది ఒకే గది. ఆ గది పై భాగమున కుడి ఎడమల నుండి రెండు సన్నని నాళములు వచ్చి కలియును. క్రింది భాగము ఇరుకై కంఠముగా మారును. పిండము నాటుకొనుటకు, తొమ్మిది నెలలు పెరుగుటకు ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది.

అయితే స్త్రీలందరిలోను ఈ గది ఒకే రీతిగా ఉండదు. కొందరిలో పైకప్పు నుండి ఒక గోడ క్రిందికి దిగి, గదిని కొంతవరకో పూర్తిగానో రెండుగా విభజించును. మరికొందరిలో గర్భకోశమే రెండు కొమ్ములుగా చీలియుండును. ఒక్కొక్కరిలో ఒక ప్రక్క మాత్రమే పెరుగును. అరుదుగా గర్భకోశము బొత్తిగా ఏర్పడదు. ఇవి అన్నియు పుట్టుకతో వచ్చిన లోపములు. వీనిలో పెక్కింటి సంగతి ఆ స్త్రీకే తెలియదు. బహిష్టు క్రమముగా వచ్చుచుండును. ఆరోగ్యము బాగుగానే ఉండును. పెండ్లియై, గర్భము నిలిచి, మూడవ నెలలోనో నాలుగవ నెలలోనో పోయి, మరల నిలిచి, మరల పోయినప్పుడు గాని సాధారణముగా పరీక్ష జరుగదు. ఆ లోపల అత్తవారింట, ఇరుగుపొరుగున ఆమె పడవలసిన మాటలన్నియు పడియే ఉండును.

ఈ లోపములలో నడిమి గోడకు శస్త్రచికిత్స కలదు. దాని చరిత్ర సుమారు నూటనలుబది సంవత్సరములది. మొదట వైద్యులు లోపల ఏమున్నదో చూడలేక, స్పర్శనే నమ్ముకొని కోసిరి. తరువాత పొట్టను తెరచి, కండ్లతో చూచి కోసిరి. నేడు పొట్టను తెరువకయే, గర్భకోశపు సహజ ద్వారము గుండ లోనికి పోయి, చూచుచు కోయుచున్నారు. కోత ఇట్లు చిన్నదగుచు వచ్చుట శాస్త్రము సాధించిన గొప్ప విజయమే. కాని కోత సులభమైనంత మాత్రమున దాని వలన మేలు కలుగునని రుజువైనట్లేనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుట చాల ఆలస్యముగా మొదలైనది. ఆ కథయే ఈ వ్యాసము.

రెండు నాళముల కలయిక

గర్భకోశము మొదట ఒకటి కాదు, రెండు. తల్లి కడుపులో పిండమునకు సుమారు ఆరు వారములు నిండునప్పటికి దాని దేహములో కుడి ఎడమల రెండు నాళములు ఏర్పడును. జర్మను శాస్త్రజ్ఞుడు జొహానెస్ ముల్లర్ 1830లో వీనిని వర్ణించెను. కావున వీనికి ముల్లర్ నాళములని పేరు వచ్చినది. ఆడ, మగ పిండములు రెండింటిలోను ఇవి కనబడును. మగ పిండములో వృషణములు పుట్టించు ఒక రసము వీనిని కరిగించివేయును. ఇట్టి రసమొకటి కలదని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ జోస్ట్ 1947లో కుందేటి పిండములపై చేసిన ప్రయోగముల వలన తేలినది. ఆడ పిండములో ఆ రసము ఉండదు గనుక నాళములు నిలిచి పెరుగును.

ఆ పెరుగుదలలో మూడు మెట్లు కలవు. మొదట రెండు నాళములు చక్కగా ఏర్పడవలెను. పిదప వాని క్రింది భాగములు దగ్గరకు జరిగి ఒకదానితో ఒకటి అతుకుకొనవలెను. చివరకు ఆ రెండింటి నడుమ మిగిలిన గోడ కరిగిపోవలెను. రెండు ఇండ్లను కలిపి ఒకటిగా చేయువాడు మొదట వానిని ఆనించి కట్టి, తరువాత నడిమి గోడను పడగొట్టినట్లే ఇది జరుగును. అతుకుకొనని పై భాగములు ఫలోపియన్ నాళములుగా మిగులును.

ఈ మూడింటిలో ఏ మెట్టున పని ఆగిపోయినదో లోపము దానిని బట్టి ఉండును. నాళములే సరిగా ఏర్పడనిచో గర్భకోశము లేకపోవుటయో, ఒక ప్రక్క మాత్రమే ఉండుటయో సంభవించును. కలయిక చెడినచో రెండు కొమ్ముల గర్భకోశము, లేక వేరువేరుగా రెండు గర్భకోశములు ఏర్పడును. కలయిక జరిగి, గోడ మాత్రము కరుగనిచో బయటకు ఒకటిగా కనబడు గర్భకోశములో లోపల నడిమి గోడ మిగిలిపోవును. మూత్రపిండములు కూడ అదే కాలమున, అదే తావున పెరుగుచుండుటచేత ఈ లోపములున్న కొందరిలో ఒక మూత్రపిండము లేకపోవుటయు కలదు.

ఇతర జంతువులను చూచినచో ఇవి వింతగా తోచవు. కుందేటికి రెండు గర్భకోశములు, రెండు కంఠములు ఉండును. ఆవునకు, గొఱ్ఱెకు, పందికి రెండు కొమ్ముల గర్భకోశము సహజమే. మనుష్యజాతిలో మాత్రము అది ఒకే గదిగా మారును. ఒక ప్రాణికి సహజమైనది మరియొక ప్రాణిలో లోపమని పిలువబడుచున్నదన్న మాట.

ఇట్టి లోపములు అనుకొన్నంత అరుదైనవి కావు. ముందుగా ఏరి తీయని సామాన్య స్త్రీలలో నూటికి 5.5 మందికి ఏదో ఒక రూపములో ఇవి ఉన్నవనియు, గర్భస్రావములు జరిగిన స్త్రీలలో ఆ సంఖ్య 13.3 అనియు, అనేక పరిశోధనలను కలిపి 2011లో ప్రకటించిన లెక్క తెలుపుచున్నది. ఈ లెక్కలో రెండు సంగతులు ఉన్నవి. గర్భస్రావములకు, ఈ లోపములకు ఏదో సంబంధము కలదనుట మొదటిది. లోపముండియు ఏ చిక్కును లేక బిడ్డలను కనుచున్న స్త్రీలు పెక్కుమంది కలరనుట రెండవది. రెండవ సంగతిని వైద్యలోకము చాలకాలము మరచియుండెను.

మత్తుమందు, హైదరాబాదు

దేహము లోపలి అవయవముపై కత్తి పెట్టవలెనన్నచో మొదట రోగికి నొప్పి తెలియకుండవలెను. 1846లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఈథరు, 1847లో ఎడింబరోలో సింప్సన్ చేతిమీదుగా క్లోరోఫారము వాడుకలోనికి వచ్చెను. కాని 1848లోనే క్లోరోఫారము ఇచ్చిన ఒక బాలిక ఇంగ్లండులో ఆకస్మికముగా మరణించెను. క్లోరోఫారము గుండెను ఆపునా, లేక ఊపిరిని మాత్రమే ఆపునా అను వివాదము నాటి నుండి అర్ధ శతాబ్దికి పైగా సాగెను.

ఆ వివాదమున తెలుగుదేశమునకు ఒక స్థానము కలదు. నిజాము రాజ్యములో రెసిడెన్సీ వైద్యుడుగాను, హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగాను పనిచేసిన ఎడ్వర్డ్ లారీ వేలకొలది రోగులకు క్లోరోఫారము ఇప్పించి శస్త్రచికిత్సలు జరిపినవాడు. ఊపిరిని కనిపెట్టి చూచినచో చాలునని, గుండెకు భయము లేదని ఆయన దృఢ విశ్వాసము. దానిని రుజువు చేయుటకు 1888లో హైదరాబాదులో ఒక సంఘమును ఏర్పరచి జంతువులపై ప్రయోగములు జరిపించెను. లండనులోని లాన్సెట్ పత్రిక ఆ ఫలితములను సందేహించెను. అంతట నిజాము ప్రభుత్వము ధనసహాయము చేయగా, లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు లాన్సెట్ పక్షమున హైదరాబాదునకు వచ్చెను. 1889లో రెండవ సంఘము కూర్చుండి, వందలకొలది ప్రయోగములు చేసి, లారీ చెప్పినదే నిజమని తీర్పు చెప్పెను.

అయినను ఆ తీర్పు నిలువలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు పిల్లులపై ప్రయోగములు చేసి, తేలికపాటి మత్తులో ఉన్నప్పుడు క్లోరోఫారము గుండె లయను చెదరగొట్టి హఠాత్తుగా ప్రాణము తీయగలదని చూపెను. లారీ అబద్ధమాడినవాడు కాడు. తన కన్నుల ఎదుట వేలమంది క్షేమముగా లేచి కూర్చుండుట చూచి నమ్మినవాడు. ఎంత పెద్ద అనుభవమైనను, సరియైన పోలిక లేనిచో మనిషిని తప్పుదారి పట్టింపగలదు. గర్భకోశపు నడిమి గోడ విషయమున కూడ ఈ పాఠము తరువాతి కాలమున అక్కరకు వచ్చినది.

తడవి కోసిన కాలము, తెరచి కోసిన కాలము

1880 తరువాతి సంవత్సరములలో జర్మనీకి చెందిన రూగే అను వైద్యుడు, రెండు గర్భస్రావములు జరిగిన ఒక స్త్రీకి క్రింది మార్గము నుండి గర్భకోశములోని నడిమి గోడను కోసి తీసెను. లోపలిని చూచు సాధనము లేని కాలమది. ఆ స్త్రీ తరువాత నెలలు నిండిన బిడ్డను కనెను. అయితే కంటికి కనబడని తావున కత్తి ఆడించుటకు అందరును సాహసింపలేదు.

1907లో బెర్లిన్ వైద్యుడు పాల్ స్ట్రాస్‌మన్ రెండు కొమ్ముల గర్భకోశమును ఒకటిగా కుట్టు పద్ధతిని వివరించెను. ఒక కొమ్ము నుండి రెండవ కొమ్ము వరకు పైభాగమున అడ్డముగా కోసి, రెండు గదులను తెరచి, వాని అంచులను ముందు వెనుకలుగా చేర్చి కుట్టివేయుట ఆయన పద్ధతి. ఆయన కుమారుడు ఎర్విన్ స్ట్రాస్‌మన్ అమెరికాకు పోయి ఈ చికిత్సను ఇరువదవ శతాబ్దపు నడిమి కాలము వరకు ప్రచారము చేసెను. 1953లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థకు చెందిన హొవర్డ్ జోన్స్, జార్జియానా జోన్స్ దంపతులు నడిమి గోడ ఉన్న భాగమును ముక్కోణపు చెక్కగా కోసి తీసి, మిగిలిన రెండు సగములను కుట్టు విధానమును ప్రకటించిరి. 1962లో టామ్‌కిన్స్ అనునాతడు కండను ఏ మాత్రము తీసివేయక, నడుమ ఒకే కోతతో తెరచి గోడను చీల్చు మార్గము చూపెను.

ఈ పద్ధతులన్నింటికిని ఒక మూల్యము కలదు. పొట్టను కోయవలెను, గర్భకోశపు గోడనే కోయవలెను. ఆ స్త్రీ చాల దినములు ఆస్పత్రిలో పడియుండవలెను. కోసిన తావున ప్రేగులు, నాళములు అతుకుకొని కొత్తగా సంతానహీనత కలుగు భయము కలదు. మరల గర్భము ధరించుటకు కొన్ని నెలలు ఆగవలెను. ఆ గర్భము నిలిచినను కుట్టు విచ్చుకొనునేమో అను శంకచేత కాన్పు సాధారణముగా సిజేరియన్ మూలముననే జరుగవలెను. ఇంత కష్టము ఉండుటచేత పెక్కుసార్లు గర్భము పోయిన స్త్రీకి గాని ఈ శస్త్రచికిత్సను వైద్యులు తలపెట్టెడివారు కారు. కష్టమే ఒక కావలిగా నిలిచినది.

చీకటి గదిలో దీపము

పొట్టను తెరువకుండ గర్భకోశములోనికి చూడవలెనను కోరిక అంతకంటె పాతది. ఫ్రాంక్‌ఫర్ట్ నగర వైద్యుడు ఫిలిప్ బొజ్జీని 1806 ప్రాంతమున ఒక మైనపువత్తి, ఒక అద్దము, ఒక గొట్టము కూర్చి దేహపు రంధ్రములలోనికి వెలుతురు పంపు పరికరమును నిర్మించెను. వియన్నా పండితులు దానిని ఆదరింపలేదు. ఆయన 1809లో విషజ్వరముతో చిన్న వయస్సుననే మరణించెను. 1853లో ఫ్రాన్సులో దెజొర్మో సారాయి, టర్పెంటైను కలిపి వెలిగించిన దీపముతో మరియొక సాధనమును చేసెను. 1869లో పాంటలియోని అను వైద్యుడు ఇట్టి గొట్టముతో అరువదేండ్ల స్త్రీ గర్భకోశములోనికి చూచి, రక్తస్రావమునకు కారణమైన ఒక చిన్న కంతిని కనుగొని, దానిని వెండి లవణముతో మాడ్చెను. గర్భకోశ దర్శనమునకు, ఆ దర్శనముతో చేసిన చికిత్సకు ఇదియే తొలి ఉదాహరణముగా చెప్పబడుచున్నది.

తరువాత నూరు సంవత్సరముల పాటు ఈ విద్య మందముగా నడచెను. మూత్రాశయమును చూచు సాధనము 1879లో నిట్సే చేతిమీదుగా రూపొంది త్వరలోనే వ్యాపించెను గాని, గర్భకోశ దర్శని వెనుకబడి యుండెను. అందుకు కారణములు మూడు. మూత్రాశయము తిత్తి వంటిది. నీరు పోసిన ఉబ్బును. గర్భకోశపు గోడలు దళసరి కండ. అవి ఒకదానినొకటి ఒత్తుకొని ఉండును, సులభముగా విడివడవు. దాని లోపొర తాకినంతనే రక్తము కారి చూపును కప్పివేయును. పోసిన ద్రవము పైనున్న నాళముల గుండ పొట్టలోనికి జారిపోవును. 1925లో అమెరికా వైద్యుడు రూబిన్ బొగ్గుపులుసు వాయువును ఎక్కించి గదిని విప్పారజేసి చూడ యత్నించెను. 1970లో ఎడ్‌స్ట్రోమ్, ఫెర్న్‌స్ట్రోమ్ అనువారు చిక్కని డెక్‌స్ట్రాన్ ద్రవమును వాడి, రక్తముతో కలియకుండ తేటగా చూడవచ్చునని నిరూపించిరి.

ఈలోపల వెలుతురు సమస్య కూడ తీరెను. దేహములోనికి పంపిన చిన్న విద్యుద్దీపము వేడెక్కును, మాడిపోవును. దీపమును బయటనే ఉంచి, వెలుతురును మాత్రము లోనికి పంపుట ఎట్లు? గాజు తంతువు ఒక కొన నుండి ప్రవేశించిన కాంతి దాని గోడలపై మరల మరల పరావర్తనము చెంది, తంతువు వంగినను బయటకు పోక రెండవ కొన చేరును. 1954లో లండనులోని ఇంపీరియల్ కళాశాలలో పనిచేయుచున్న హెరాల్డ్ హాప్కిన్స్, పంజాబులోని మోగా పట్టణమున పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, ఇట్టి తంతువుల కట్టతో బింబమును పంపవచ్చునని నేచర్ పత్రికలో ప్రకటించిరి. హాప్కిన్స్ అంతటితో ఆగలేదు. పాత దర్శనులలో చిన్న కటకములు, వాని నడుమ పొడవైన గాలి ఖాళీలు ఉండెడివి. ఆయన 1959 ప్రాంతమున దానిని తలక్రిందు చేసి, పొడవైన గాజు కడ్డీలను, వాని నడుమ చిన్న ఖాళీలను అమర్చెను. బింబము ఎన్నో రెట్లు కాంతివంతమై, గొట్టము సన్నగిల్లెను. జర్మనీకి చెందిన కార్ల్ స్టోర్జ్ ఈ కటకములతో దర్శనులను తయారుచేసి లోకమంతట వ్యాపింపజేసెను.

కుట్టు లేని కోత

సాధనము చేతికి వచ్చినంతనే నడిమి గోడ గుర్తుకు వచ్చుట సహజము. 1974లో ఎడ్‌స్ట్రోమ్ గర్భకోశ దర్శని సహాయముతో నడిమి గోడను తొలగించిన సంగతిని ప్రకటించెను. 1981లో అమెరికాకు చెందిన చెర్వెనాక్, న్యూవర్త్ అను వైద్యులు దర్శని గుండ చిన్న కత్తెరను పంపి గోడను చీల్చిన విధమును వివరించిరి. ఆ దశాబ్దము ముగియులోపల పొట్ట తెరచి నడిమి గోడను తీయు పద్ధతి దాదాపు మూలబడెను.

చికిత్స జరుగు విధము ఇట్లుండును. బహిష్టు ముగిసిన కొలది దినములకు, లోపొర పలుచగా ఉన్నప్పుడు, రోగికి మత్తు ఇచ్చి, కంఠమును కొద్దిగా విప్పి, కొన్ని మిల్లీమీటర్ల మందము గల దర్శనిని పంపుదురు. ద్రవమును ఎక్కించి గదిని విప్పారజేయుదురు. ఎదురుగా నడిమి గోడ, దానికి ఇరుప్రక్కల రెండు చీకటి గదులు కనబడును. గోడను కత్తెరతోగాని, విద్యుత్తు ప్రవహించు సన్నని తీగతోగాని సరిగా నడుమ, క్రింది నుండి పైకి చీల్చుకొని పోవుదురు. గోడను ముక్కలుగా తీసివేయ నక్కరలేదు. చీల్చినంతనే దాని రెండు సగములు ముందు వెనుక గోడలలోనికి ముడుచుకొని పోవును. రెండు ఫలోపియన్ నాళముల ద్వారములును ఒకే చూపులో కనబడినప్పుడు పని ముగిసినట్లు. కుట్టు లేదు, పొట్టపై మచ్చ లేదు. రోగి పెక్కుసార్లు ఆ దినముననే ఇల్లు చేరును. తరువాతి కాన్పు సహజముగా కావచ్చును.

ఇందులో అపాయములు లేకపోలేదు. కోత మోతాదు మించినచో గర్భకోశపు పైకప్పునకు చిల్లి పడవచ్చును. ఆ తావు బలహీనపడి, తరువాతి గర్భమున చినుగుటయు అరుదుగా సంభవించినది. ఎక్కించిన ద్రవము ఎక్కువగా రక్తములో కలిసినచో, అది లవణము లేని ద్రవమైనప్పుడు, రక్తములో సోడియము తగ్గి మెదడు వాచును. 1990 తరువాత లవణద్రవములోనే పనిచేయు విద్యుత్ సాధనములు వచ్చుటతో ఈ రెండవ అపాయము చాలవరకు తగ్గెను.

అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త రోగనిర్ణయము. నడిమి గోడ గల గర్భకోశము, రెండు కొమ్ముల గర్భకోశము లోపలి నుండి చూచినచో ఒకే రీతిగా కనబడును. ద్రవము ఎక్కించి తీయు ఎక్స్-కిరణ చిత్రము కూడ లోపలి నీడనే చూపును. మొదటిదానిలో బయటి పైకప్పు చదునుగా ఉండును. రెండవదానిలో పైకప్పే లోనికి నొక్కుకొని పోయియుండును. అక్కడ గోడ అనుకొని కోసినచో కత్తెర నేరుగా పొట్టలోనికి పోవును. అందుచేత బొడ్డు వద్ద చిన్న రంధ్రము చేసి ఉదరదర్శనితో బయటి ఆకారమును చూచెడివారు. ఇయాన్ డొనాల్డ్ 1958లో వైద్యలోకమునకు పరిచయము చేసిన అతిధ్వని చిత్రణము ఈ కష్టమును తొలగించెను. 1990 తరువాత వచ్చిన త్రిపరిమాణ అతిధ్వని చిత్రమున లోపలి గది, బయటి పైకప్పు రెండును ఒకేసారి, ఏ కోతయు లేక కనబడును.

కొన్ని లోపములలో ఈ చిన్న కోతల మేలు స్పష్టముగానే ఉన్నది. ఒక ప్రక్క ఎదుగక, దారి మూసికొని ఉన్న కొమ్ములో నెలనెలా రక్తము నిలిచి బాలిక నొప్పితో మెలికలు తిరుగును. అట్టి కొమ్ములో గర్భము నిలిచినచో అది చినిగి ప్రాణాపాయము కలుగును. దానిని నేడు ఉదరదర్శనితో తొలగించుచున్నారు. గర్భకోశమే లేనివారి విషయమున స్వీడన్‌లో 2014లో మార్పిడి చేసిన గర్భకోశము నుండి బిడ్డ జన్మించెను. 2017లో పూణె నగరమున దాత గర్భకోశమును ఉదరదర్శని సహాయముతో వెలికితీసి మార్పిడి చేయగా, 2018లో బిడ్డ పుట్టెను. చిక్కు వచ్చినది నడిమి గోడ విషయముననే.

లెక్కకు వచ్చిన కాలము

శస్త్రచికిత్స సులభమగుటతో దానిని చేయించుకొను స్త్రీల సంఖ్య పెరిగెను. ఒక గర్భము పోయినవారికి, ఏ గర్భమును పోనివారికి కూడ కొన్నిచోట్ల గోడను కోయసాగిరి. ఫలితములు అద్భుతముగా కనబడెను. అప్పటి వరకు ప్రకటింపబడిన నివేదికలను కలిపి 2000లో వేసిన ఒక లెక్కలో, చికిత్సకు ముందు ఆ స్త్రీల గర్భములలో నూటికి 88 పోయినవి. చికిత్స తరువాత నూటికి 14 మాత్రమే పోయినవి. ఇంతకంటె రుజువు ఏమి కావలెనని ఎవరికైనను తోచును.

కాని ఈ లెక్కలో ఒక లోపము దాగియున్నది. దానిని తెలిసికొనుటకు వైద్యము అక్కరలేదు. జహీరాబాదు దాటి కర్ణాటక సరిహద్దునకు చేరువనున్న చిరాగ్‌పల్లి వంటి ఊరిలో వానను నమ్ముకొని కంది పండించు చేలు ఉన్నవనుకొందము. ఒక ఏడు వానిలో పంట బొత్తిగా పోయిన చేలను మాత్రమే ఏరి, వాని గట్లపై ఒక్కొక్క తాయెత్తు కట్టినచో మరుసటి ఏడు ఏమగును? వానిలో పెక్కింట పంట మెరుగగును. అది తాయెత్తు మహిమ కాదు. అన్నిటికంటె చెడ్డ ఏడును చూచి ఏరితిమి గనుక, తరువాతి ఏడు దానికంటె మంచిదగుట సహజము. తాయెత్తు మహిమ తెలియవలెనన్నచో, అట్లే పంట పోయిన చేలలో సగమునకు కట్టి, సగమునకు కట్టక, రెండింటిని పోల్చవలెను.

నడిమి గోడ విషయమున జరిగినది అట్టిదే. గర్భములు వరుసగా పోయిన స్త్రీలనే ఏరి చికిత్స చేసిరి. వారికి తరువాతి గర్భము నిలిచినచో ఆ ఘనత కత్తెరకే దక్కెను. చికిత్స లేకయే ఎందరికి నిలిచియుండెడిదో ఎవరును చూడలేదు. చేసినవారిని, చేయనివారిని చీట్లు తీసినట్లు విభజించి పోల్చిన పరిశోధన నలుబది సంవత్సరముల పాటు ఒక్కటియు వెలువడలేదు.

చివరకు 2010లో అట్టి ప్రయోగము మొదలయ్యెను. నెదర్లాండ్సు, బ్రిటను, అమెరికా, ఇరాన్ దేశముల ఆస్పత్రులు ఇందులో చేరెను. గర్భస్రావములుగాని, నెలలు నిండని కాన్పుగాని, సంతానము ఆలస్యమగుటగాని ఉన్న నడిమి గోడ గల స్త్రీలను చేర్చుకొనిరి. ఎనిమిది సంవత్సరములు ప్రయత్నింపగా 80 మంది మాత్రమే దొరికిరి. సగము మందికి గోడను కోసిరి; సగము మందిని కోయక కనిపెట్టిరి. 2021లో ఫలితము ప్రకటింపబడెను. కోసిన 39 మందిలో 12 మందికి, అనగా నూటికి 31 మందికి, సజీవమైన బిడ్డ జన్మించెను. కోయని 40 మందిలో 14 మందికి, అనగా నూటికి 35 మందికి, బిడ్డ జన్మించెను. కోసిన వారిలో ఒకరికి గర్భకోశము చిల్లిపడెను.

ఈ ఫలితమును అతిగా చదువరాదు. 80 మంది చాల చిన్న సంఖ్య. కొంత మేలు ఉండియు ఈ లెక్కకు దొరకకపోయి ఉండవచ్చును. చికిత్స తరువాత గర్భస్రావములు తగ్గునని చూపు ఇతర లెక్కలును ఉన్నవి. అయితే వానిలో అధికభాగము చీట్లు తీసినట్లు విభజింపనివే. నూటికి 88 నుండి 14కు అను అద్భుతము మాత్రము ఈ ప్రయోగములో కనబడలేదనుట స్పష్టము. హైదరాబాదు సంఘము తీర్పువలె, ఇదియు పోలిక లేని అనుభవమును లెక్కకు నిలుపవలసివచ్చిన సందర్భమే.

మరియొక చిక్కు కలదు. ఎంత గోడ ఉన్నచో దానిని లోపమనవలెను? ఐరోపా సంఘములు 2013లో గర్భకోశపు గోడ మందములో సగమునకు మించి లోనికి దిగినచో అది నడిమి గోడ యని నిర్ణయించెను. అమెరికా సంఘము 2016లో 1.5 సెంటీమీటర్లకు మించి దిగవలెనని, దాని కొన కోణము 90 డిగ్రీల లోపు ఉండవలెనని చెప్పెను. ఒకే స్త్రీల సమూహమునకు ఈ రెండు కొలతలను వేసి చూడగా, ఐరోపా కొలత ప్రకారము నడిమి గోడ గలవారి సంఖ్య రెండున్నర రెట్లకు మించి వచ్చెను. అనగా ఒక కొలబద్దపై రోగియైన స్త్రీ మరియొక కొలబద్దపై ఆరోగ్యవంతురాలు. అమెరికా సంఘము 2021లో తన కొలతను తానే సవరించి లోతును 1 సెంటీమీటరుకు తగ్గించెను. ప్రకృతిలో లేని గీతను మనుష్యులు గీయవలసి వచ్చినప్పుడు ఇట్టి భేదములు తప్పవు.

రోగికి దక్కవలసినది

ఈ చరిత్ర దూరదేశములలో జరిగినట్లు తోచినను దాని ఫలము మన ఊళ్ళకు చేరియే ఉన్నది. గర్భకోశ దర్శని, త్రిపరిమాణ అతిధ్వని చిత్రణము నేడు హైదరాబాదు నగరమున దొరకుచున్నవి. చిరాగ్‌పల్లి వంటి సరిహద్దు గ్రామము నుండి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి, కూలి పోగొట్టుకొని, అప్పు చేసి వచ్చు ఇల్లాలికి "లోపల గోడ ఉన్నది, చిన్న కోతతో పోవును" అను మాట ఎంతో ఆశ కలిగించును. ఆ మాట నిజమే. గోడ పోవుట నిజము. గోడ పోయినందువలన గర్భము నిలుచునా అనుట వేరు ప్రశ్న. రెండింటిని వేరుచేసి చెప్పుట వైద్యుని ధర్మము. వేరుచేసి అడుగుట రోగి హక్కు.

అడుగవలసినవి కొన్నియే. గర్భకోశపు బయటి ఆకారమును త్రిపరిమాణ చిత్రములో చూచిరా? అది నడిమి గోడయా, రెండు కొమ్ములా? గోడ లోతు ఎంత? గర్భములు పోవుటకు ఇతర కారణములను పరీక్షించిరా? కోయక వేచి చూచినచో నిలుచు అవకాశమెంత? వరుసగా గర్భములు పోయి, లోతైన గోడ ఉండి, ఇతర కారణము దొరకని స్త్రీకి, ఇవన్నియు తెలిసిన పిదప చికిత్స కోరుకొనుటకు తగిన హేతువు ఉండవచ్చును. ఏ గర్భమును పోనివారికి, యథాలాపముగా తీసిన చిత్రములో గోడ కనబడినంత మాత్రమున కోత కోయుటకు అంత హేతువు కనబడదు.

అన్నిటికంటె ముందుగా ఆమెకు, ఆమె ఇంటివారికి చెప్పవలసిన మాట ఒకటి కలదు. ఈ గోడ ఆమె చేసిన పని వలన వచ్చినది కాదు, తిన్న తిండి వలన వచ్చినది కాదు, ఎవరి శాపమును కాదు. ఆమె తన తల్లి కడుపులో ఇంకను అయిదు నెలలు నిండని పిండముగా ఉన్నప్పుడే, కరుగవలసిన ఒక పొర కరుగక మిగిలినది. ఆ కాలమున ఆమెకు పేరు కూడ లేదు. శస్త్రచికిత్స మేలు గురించి శాస్త్రము ఇంకను లెక్కలు వేయుచున్నది. ఈ ఒక్క సంగతిలో మాత్రము సందేహము లేదు.